ఎనిమిదో కాన్పు

మొన్న మనవరాలి వెంట ఆసుపత్రికి వెళ్లాను. పొట్టలోని బిడ్డకు గ్రహణం మొర్రి ఉందని, పుట్టాక ఆపరేషన్‌తో సరిచేయవచ్చని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పి, "ఎన్నో కాన్పు?" అని అడిగింది. రెండోదని చెబుతూ మనవరాలు తల వంచుకుంది. అలాగే వంగిన మా అమ్మ తల నాకు గుర్తుకొచ్చింది.

మేము సికింద్రాబాద్ బోయిగూడలో ఉండేవాళ్లం. నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్‌కు కొద్ది వారాల ముందు అమ్మకు ఎనిమిదో కాన్పులో తమ్ముడు పుట్టాడు. పై పెదవి చీలి, అంగిట్లో సందుతో. గ్రహణంనాడు అమ్మ ఏదో కోసిందని నాయనమ్మ తేల్చేసింది. చీకటి గదిలోంచి కదలనే లేదని అమ్మ మొత్తుకుంటే, "నిద్రల గోర్లు కొరికినవేమో" అంది. అమ్మ సిగ్గు మాత్రం గ్రహణం గురించి కాదు. ఆ ఏడే మా పెద్దక్కకూ కొడుకు పుట్టాడు. కూతురితోపాటు తానూ పురిటి మంచమెక్కినందుకే, ఇంతమందిని కన్నందుకే బిడ్డ ఇలా పుట్టాడని ఆమె నమ్మకం. పక్కింటి ఖాలమ్మ బిడ్డను చూడవస్తే, జ్వరమని చెప్పించి గడపలోంచే పంపేసింది.

ఖాలమ్మ ఇంట్లో దర్జీ పని. ఫౌజు వచ్చి, ముస్లింల ఇళ్ల మీద దాడులు జరుగుతున్న రోజుల్లో ఆమె భర్త ఏదో ఊళ్లో చిక్కుకుపోయాడు. వీధిలో అరుపులు వినపడగానే నాన్న వెళ్లి, ఆమెనూ పిల్లలనూ పెరటి దారిన మా ఇంటికి తెచ్చాడు. మాకున్నది ఒకటే గది. ఇక బిడ్డను దాచే చోటు లేదు. అమ్మ గోడవైపు తిరిగి పాలు పడుతుంటే వాడికి పొలమారింది. పాలు ముక్కులోంచి వచ్చి మొహం నల్లబడింది. నాయనమ్మ కేకలు పెట్టింది. ఖాలమ్మ ఒక్క ఉదుటున బిడ్డను లాక్కుని, బోర్లా పట్టి వీపు తట్టింది. వాడు ఏడ్చాక నిటారుగా కూర్చోబెట్టి, పాలలో ముంచిన గుడ్డతో బుగ్గ పక్కన చుక్కచుక్కగా పాలు పిండింది.

"నా ఆఖరోడు సుత గిట్లనే పుట్టిండు అక్కా. ఆరో కాన్పు. సిగ్గు షరమ్‌కు ఎవ్వలకు చూపియ్యలే. పాలు పట్టుడు తెలిసేసరికి పోయిండు."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గోడ పక్కనే ఉన్నం గద చెల్లె. పుట్టిండని సుత మాకు తెల్వదే!"

"తెల్వనియ్యలే."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఖాలమ్మ భర్త క్షేమంగా తిరిగొచ్చేదాకా తమ్ముడికి పాలు పట్టింది ఆమే. తర్వాత కూడా రోజూ వచ్చేది. కాస్త పెరిగాక వాడికి ఆపరేషన్ అయింది. మాట కొంచెం ముక్కుతోనే వచ్చినా రైల్వేలో ఉద్యోగం చేశాడు, మౌలాలిలో ఇల్లు కట్టాడు, గంటల తరబడి కబుర్లు చెప్పేవాడు.

అమ్మ ముసలిదయ్యాక కూడా, పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే "ఏడుగురు" అనేది. మళ్లీ తానే తల వంచుకుని, "ఎనమండుగురు" అని దిద్దుకునేది. తమ్ముడు విని నవ్వేవాడు. వాడి కుట్లు మానడానికి కొన్ని వారాలు పట్టాయి. ఆ ఒక్క మాట తడబడకుండా చెప్పడానికి అమ్మకు బతుకంతా చాలలేదు.