గాజు బిళ్ళలో ఆయిలు

మూలమలుపు దగ్గర రేకుల షెడ్డులో మోటారుసైకిళ్ళు బాగుచేసే ఆయనకు చెవుల మేస్త్రీ అని పేరు. చెవులేమీ పెద్దవి కావు, అందరి చెవుల్లాంటివే. బండి ఇంకా వీధి చివర ఉండగానే చప్పుడు విని "వాల్వులు వదులయ్యాయి, గొలుసు కూడా సాగింది" అనేసేవాడు. బండి దిగినవాడు నోరు తెరిచేలోగా రోగం ఈయన నోట్లోంచి వచ్చేసేది. జనం ఆ ముచ్చట చెప్పుకుంటుంటే పైకి మాత్రం "ఆఁ, ఏముందిలెండి" అంటూ గుడ్డపీలికతో చేతులు తుడుచుకునేవాడు. లోపల మురిసిపోయేవాడు, ఎందుకు మురియడు? ఆయన గర్వమల్లా ఒక్కటే. తన చెయ్యి పడ్డ బండి మళ్ళీ అదే రోగంతో గుమ్మం తొక్కదు.

అలాంటి మనిషికి చూపు పోతోంది. పోవడం కూడా ఎంత పాడు పద్ధతిలో పోతోందంటే, చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, చూడాలనుకున్నదే కనిపించదు. నట్టు వైపు చూస్తే నట్టున్న చోట మసక. కంటి డాక్టరు దీపం వేసి చూసి, ఇది అద్దాలకు లొంగేది కాదు, మందులకు తగ్గేది కాదు, నిదానంగా పెరగడమే తప్ప అని చెప్పాడు. ఆ మాటను మేస్త్రీ ఆస్పత్రి గేటు దగ్గరే మింగేసి ఇంటికొచ్చాడు. పెళ్ళాం అడిగితే "చుక్కల మందిచ్చాడు, తగ్గుతుందన్నాడు" అన్నాడు. చెప్పి ఏం లాభం? షెడ్డు వెనక గదిలోనే వాళ్ళ కాపురం. ఉన్నది ఇద్దరే. షెడ్డు మూతపడితే ఆయనకు కూర్చోవడానికి చోటుంటుంది గానీ పొద్దున లేవడానికి కారణం ఉండదు.

అందుకని కళ్ళ పని వేళ్ళకు అప్పజెప్పాడు. పట్టుకుంటే చాలు, ఏ పానా ఎంత సైజో చేతికి తెలిసేది. ఆయిలు కొలత ఇంజను పక్కనుండే గాజు బిళ్ళలో చూసి పోసే అలవాటు మానేశాడు. ఏ ఇంజనుకు ఎంత పడుతుందో అంత సీలు డబ్బా తెప్పించి, మూత తానే విప్పి, ఆఖరి చుక్కదాకా కార్చేవాడు. దీనికి కళ్ళెందుకు?

ఒకరోజు పొద్దున బ్రెడ్డు ఆయన తమ్ముడు బండి తోసుకుంటూ వచ్చాడు. బ్రెడ్డు ఆయనంటే, తెల్లారేసరికి బేకరీ నుంచి బ్రెడ్డు ట్రేలు వెనక పెట్టెలో వేసుకుని దుకాణాలన్నిటికీ పంచేవాడు. మేస్త్రీ భార్యను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మేస్త్రీని బావా అనేవాడు. "బావా, నీ చెవులు నాకు రాసివ్వు, నా చెవులతో మా ఆవిడ మాటలు నువ్వు విను" అని వేళాకోళమాడేవాడు. మొన్ననే ఆయన బండికి మేస్త్రీ ఆయిలు మార్చాడు. ఇప్పుడు దాని హ్యాండిలు ఒక పక్కకు వంగిపోయి ఉంది, బ్రెడ్డు పెట్టె సొట్టలు పడి ఉంది.

"ఏం పోశావయ్యా ఇందులో?" అన్నాడు తమ్ముడు, బండిని స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి.

మేస్త్రీ వంగిన హ్యాండిలు తడిమాడు. "ఏమైంది నాయనా?"

"ఇంకేం కావాలి? ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ బండి లాగట్లేదు, ఒకటే పొగ అంటున్నాడు మా అన్న. ఇవాళ వంతెన ఎక్కుతుంటే గురగురమని ఆగిపోయిందట. వెనక చక్రం సర్రున జారింది. బండి, బ్రెడ్డు అన్నీ కాలుమీద పడ్డాయి. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. నడుస్తాడు గానీ ఇంక బండి బరువు ఆపుకోలేడంటున్నారు డాక్టర్లు."

 తమ్ముడు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఏం జరిగిందో చూడు. సాయంత్రం ఆస్పత్రికొచ్చి నువ్వే చెప్పాలి మా అన్నకు. నీ పేరు తప్ప ఇంకొకడి పేరెత్తడు, బండి నీకు తప్ప ఎవడికీ ఇవ్వడు."

అతను వెళ్ళాక మేస్త్రీ చాలాసేపు బండి ముట్టుకోలేదు. తర్వాత కిక్కు కొట్టాడు. నాలుగైదు సార్లకు గాని అంటుకోలేదు. అంటుకున్నాక ఆ చప్పుడు వినలేకపోయాడు. బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడిచే మనిషిలా ఉంది ఇంజను. పొగ గొంతులో అడ్డంపడింది, మాడిన ఆయిలు కంపు. ఆపేసి ప్లగ్గు విప్పితే తడిగా జిడ్డుగా వేళ్ళకంటింది. గాలి వడపోసే పెట్టె తెరిస్తే లోపలి స్పాంజి ఆయిల్లో నానిపోయి పిండితే కారుతోంది. ఆ పెట్టె అడుగు నుంచి ఆయిలు బొట్లు బొట్లుగా వెనక టైరు మీద పడింది. టైరు అంచు తడిమి చూస్తే జారుడు.

ఇంకేం చూడాలి? ఆయిలు ఎక్కువైంది. లోపల తిరిగేవాటికి తిరగడానికి చోటు లేక ఆయిలును చిలికి నురగ చేశాయి, ఆ నురగ దొరికిన దారినల్లా పైకి తన్నుకొచ్చింది. పని నేర్చుకునేవాడు చేసే తప్పు. "గుడ్డి వెధవా" అని తనను తానే తిట్టుకున్నాడు. పైకే తిట్టుకున్నాడు.

అయినా చెయ్యి ఊరుకోదు కదా. కింద బేసిను పెట్టి ఆయిలంతా దింపాడు. నురగ అణిగేదాకా ఆగి, గరాటు పెట్టి ఖాళీ డబ్బాలో పోశాడు. తాను పోసిన డబ్బా అదే, అప్పట్నుంచీ ఆ మూలే పడి ఉన్నది. డబ్బా మూతిదాకా నిండింది. బేసినులో వేలు పెట్టాడు. ఇంకా ఆయిలుంది. కాస్తో కూస్తో కాదు, చారెడుకు పైమాటే.

ఒక్క క్షణం ఆయన ప్రాణం లేచొచ్చింది. నా తప్పు కాదు! నేను పోసింది ఒక డబ్బా, ఆ డబ్బా ఇదిగో నిండింది. మరి ఈ మిగిలింది ఎవరు పోశారు?

తలెత్తాడు. గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది. ముఖం ఉన్నచోట మసకే గానీ చీర కనిపిస్తోంది, చేతిలో మంచినీళ్ళ చెంబు మెరుస్తోంది.

"నేనే పోశాను" అంది.

"నువ్వా? నువ్వు ఆయిలు పోయడమేంటే?"

"నువ్వు స్నానానికెళ్ళావు. అతను బండి తీసుకోడానికి వస్తానన్నాడు. గాజు బిళ్ళలో చూస్తే చుక్క ఆయిలు లేదు. నువ్వు పోయడం మర్చిపోయావనుకున్నా. ఇంజను పట్టేస్తుందని భయమేసి, ఇంకో డబ్బాలోది కనబడేదాకా పోశా."

"బండి ఎలా ఉంది అప్పుడు? రెండు కాళ్ళ స్టాండు మీదుందా?"

"లేదు, పక్క స్టాండు మీద ఒరిగి ఉంది. నాకేమో ఎత్తడం చేతకాలేదు."

మేస్త్రీ బేసిను పక్కనే చతికిలబడ్డాడు. బండి ఎడమకు ఒరిగితే ఆయిలంతా ఎడమకే పోతుంది. గాజు బిళ్ళేమో కుడిపక్క. నిండా ఉన్నా అందులో ఏమీ కనబడదు. ఈ మాట ఆమెకు ఎవరు చెప్పారు గనక? ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆమె చూస్తోందనే తెలియదాయె!

"ఎన్నాళ్ళ నుంచే ఈ దొంగచాటు పని?"

"నువ్వు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన నాటి నుంచి. చుక్కల మందిచ్చాడన్నావు. ఇస్తే సీసా ఏదయ్యా?"

 ఆమె ఆగలేదు, ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నది మరి. నర్సమ్మ బండి వెనక చక్రం నట్టు వేలితో తిప్పితే తిరిగిందని, టైలరు బండికి బ్రేకు పిన్ను పెట్టనే లేదని, అవన్నీ ఆయన లోపలికెళ్ళిన సందు చూసుకుని తానే బిగించానని ఏడుస్తూ చెప్పుకొచ్చింది. "నీతో చెబితే పానా కింద పెట్టేస్తావు. పెట్టేస్తే నువ్వు బతకవు. అందుకే చెప్పలేదు. ఇప్పుడు అతని కాలు నేనే విరగ్గొట్టాను."

మేస్త్రీకి తల తీసేసినట్టయింది. తన చెయ్యి పడ్డ బండి గుమ్మం తొక్కదని ఎంత విర్రవీగాడు! ఆ చెయ్యి తనది కాదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చెంబు తీసుకుని నీళ్ళు గటగటా తాగి, చొక్కా మార్చుకుని ఆస్పత్రికి బయల్దేరాడు.

దారంతా ఒకటే మాట నాలుక మీద ఆడింది. నేను సరిగ్గానే పోశాను. అది నిజం కూడా. చెబితే మేస్త్రీ పేరు మేస్త్రీకి ఉంటుంది.

బ్రెడ్డు ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. కాలు రెండు దిండ్ల మీద, తుంటి దాకా కట్టు. పక్కన ఆయన భార్య ముఖం తిప్పుకుని కూర్చుంది. "రా బావా" అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. "ఏమైందట?"

"ఆయిలు ఎక్కువైంది."

"అక్క చూడలేదా మరి?"

మేస్త్రీ చెవి అతని వైపు తిప్పాడు. "అక్కేంటి?"

"ఇంకా నా దగ్గరెందుకు బావా? నీ కళ్ళ సంగతి వీధి వీధంతా తెలుసు. ఎదురొచ్చి పలకరిస్తే చెవి మా వైపు తిప్పి మాట్లాడతావు, తెలియదా? నీ మనసు నొచ్చుకుంటుందని ఎవరూ అనలేదు. వెనకాల అక్క అన్నీ చూసి పెడుతుందిలే అనే ధైర్యంతోనే బండ్లిస్తున్నాం. నర్సమ్మ కూడా అదే మాటంటుంది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుందట. మేస్త్రీ మంచం ఇనుపచువ్వ గట్టిగా పట్టుకున్నాడు. పోవడానికి తనకు పేరంటూ ఎప్పుడో మిగల్లేదు. ఉన్నది ఆమె పేరు. ఇన్నాళ్ళూ షెడ్డును నిలబెట్టింది అదొక్కటే.

"ఆ రోజు ఆమెకు జ్వరం" అన్నాడు. "లేవలేదు. నేనే పోశాను, నేనే చూశాను. గాజు బిళ్ళ కనబడక ఇంకా ఇంకా పోశాను."

బ్రెడ్డు ఆయన దిండ్ల మీది కాలు రెండు చేతులతో సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అయితే ఇంక బండ్లు ముట్టుకోకు బావా. నా కాలుతో సరిపెట్టు."

"సరే" అన్నాడు మేస్త్రీ.

ఇంటికొచ్చాక పెళ్ళాం అడిగింది. "ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఇంక ఈ చేతులతో బండి ముట్టనంది. తన మూలాన షెడ్డుకు ఎవరూ రారంది. అన్నట్టే కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. బ్రెడ్డు ఆయన బండిని మేస్త్రీ తడుముకుంటూ శుభ్రం చేసి, ఒక డబ్బా ఆయిలు పోసి, హ్యాండిలు సరిచేశాడు. ఇంజను ఇప్పుడు పొగ లేకుండా హాయిగా తిరుగుతోంది. దాన్ని తీసుకెళ్ళేవాడే లేడు. షెడ్డులో ఓ పక్కన ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం టైలరు బండి వచ్చి గుమ్మంలో ఆగింది. ఆ చప్పుడులోనే గొలుసు సాగినట్టు మేస్త్రీకి తెలిసిపోయింది. చెప్పబోయాడు. టైలరు ఆయన్ను దాటి లోపలికి తొంగిచూశాడు.

"అక్క ఉందా? ఆయిలు మార్చాలి. అక్క చూస్తేనే ఇస్తాను మేస్త్రీ, ఏమీ అనుకోకు."

వెనక గదిలో గిన్నె కిందపెట్టిన చప్పుడైంది. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. టైలరు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఏం చెప్పావయ్యా వాళ్ళకు?" అంది. 

మేస్త్రీ అప్పటికే లేచాడు. బండిని పక్క స్టాండు మీంచి లేపి, హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుని, ఎటూ ఒరగకుండా నిటారుగా నిలబెట్టాడు.

"ఇదిగో, ఇలా ఉన్నప్పుడు చూడాలి" అన్నాడు. "కూర్చో. ఎక్కడుందో చూసి చెప్పు."