సార్ చెరిపేసిన ఏటవాలు గీత

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఫోన్ వచ్చింది. ఆటోనగర్‌లో నాకు డిజైన్ నేర్పిన సార్ పోయారట. అయ్యో అన్నాను. కన్నీళ్లు మాత్రం రాలేదు.

చదువైపోయి ఆయన దగ్గర చేరేనాటికి మ్యాట్రిక్స్ అంటే నాకు పరీక్షలో పది మార్కులు, అంతే. బొగ్గు జల్లించే యంత్రానికి ఉక్కు స్టాండు గీస్తున్నాం. అది ఎలా ఊగుతుందో లెక్కగడితే కాగితం నిండా అంకెలే. సార్ టీ గ్లాసు ఆ కాగితం మీదే పెట్టారు.

"ఊపు ఒకటే అనుకుంటన్నావేటి? మూడు ఊపులు కలిసిపోయున్నాయమ్మా. ఒకదాన్నొకటి లాగుతన్నాయి. ముందు ఇడదియ్యి."

వికర్ణీకరణ అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. సరైన దిశల్లోంచి చూస్తే, ఒక ఊపును ఇంకోదానికి ముడివేసే అంకెలన్నీ సున్నాలైపోతాయి. మూల నుంచి మూలకు ఒక్క వరసే మిగులుతుంది. అలా విడదీశాక, స్టాండు పక్కకు ఊగే వేగమూ మోటారు వేగమూ దాదాపు ఒకటేనని తేలింది. రెండూ కలిస్తే స్టాండు నిలవదు. అందుకని పక్కవైపు మూల నుంచి మూలకు ఏటవాలు కమ్మీ గీశాను. సార్ భుజం తట్టారు.

ట్రాలీ పోవడానికి అడ్డమన్నాడు ఓనరు. నాకు చెప్పకుండా సార్ ఆ గీత చెరిపేశారు. కింద నా పేరు మాత్రం ఉంచారు.

పది రోజులకే వెల్డింగు పగిలింది. పైనున్న ఫిట్టర్ పడి కాలు విరిగింది. అందరి ముందూ సార్ నా వైపు చూడకుండా, "లెక్క ఆ అమ్మాయిదే" అన్నారు. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది.

నెల తర్వాత మల్కాపురంలో మా ఇంటికి వచ్చారు.

"తప్పు నాదేనమ్మా."

"ఆ మాట అక్కడ చెప్పండి సార్."

"ఈ వయసులో నాకింకో పనెవలిత్తారు?"

అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండానే వెళ్లిపోయారు.

అయినా ఇవాళ నాకు తిండి పెడుతున్నది ఆయన నేర్పిన లెక్కే. కోపం ఎంత ఉన్నా అది కాదనలేను. అందుకే చూడ్డానికి గోపాలపట్నంలో ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో నా పక్క కుర్చీలో ఆయన చివరి శిష్యురాలు ఏడుస్తోంది.

"కొత్తగా సేరిన ప్రతివోళ్లకీ సార్ ఒక సంగతి సెప్పీవోరండి. ఏటవాలు కమ్మీ ఉండాలని సార్ మొత్తుకున్నా, ఎవరో అమ్మాయి తీసేసిందంట. పాపం, ఫిట్టర్ కాలు ఇరిగిందంట."

"ఆ అమ్మాయిని నేనే" అన్నాను.

కళ్లు తుడుచుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నన్ను ఎగాదిగా చూసి, తన కుర్చీ కాస్త దూరంగా జరుపుకుంది.