గో అండ్ కం

మర్యాదగా మాట్లాడి మనుషుల్ని ఎంత ఇబ్బంది పెట్టొచ్చో తెలియాలంటే నన్నడగండి. ఒకే ఒక్క మర్యాద మాటతో నేను ఫిన్లాండులో ఒక అమ్మాయిని మంచులో ఇంటిదాకా నడిపించాను.

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజులవి. మా ఇంగ్లీషు మేడం మాలో ఒక్కొక్కరినీ ఒక ఫిన్లాండు విద్యార్థితో జత కలిపారు. కాలేజీ కంప్యూటర్లో వారానికోసారి మాట్లాడుకుని, ఒకరి ఊరి గురించి ఒకరు రాయాలి. మార్కులు ఇద్దరికీ కలిపే. నా జత హన్నా. మా వీధిలో విదేశాలతో మాట్లాడిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, నా కాళ్లు నేలమీద లేవు.

మొదటి రోజు మాటలు బాగానే సాగాయి. ఆఖర్న రెండు చేతులూ జోడించి, "ఐ విల్ గో అండ్ కం" అన్నాను. మనం వెళ్లొస్తానంటాం కదండీ, అదే.

"ఓకే, ఐ విల్ వెయిట్" అంది.

వచ్చే వారందాకా ఎదురుచూస్తుందట! ఎంత ప్రేమ! గుండె నిండిపోయి, పునుగులు తిని బస్సెక్కాను.

మర్నాడు మేడం పట్టుకున్నారు. "ఒరే అప్పలరాజూ, ఏటి సేసినావురా? నువ్వొస్తావని ఆ పిల్ల కంప్యూటర్ ముందే కూకుండిపోయిందట. బస్సు తప్పిపోయి మంచులో నడిసి ఇంటికెల్లిందట. జత మార్సీమంటంది!"

మార్కుల మాట అటుంచండి. నేను మాట తప్పేవాణ్ణని అంత దూరాన ఒక మనిషి అనుకోవడం నాకు నిజంగా బాధేసింది. మేడంని బతిమాలితే, హన్నా మరొక్కసారి మాట్లాడడానికి ఒప్పుకుంది.

"మా నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు. మా ఇళ్లలో వెళ్తున్నామని అనకూడదు. తిరిగొస్తామని చెప్పే గడప దాటుతాం" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

హన్నా ఆ మాట పుస్తకంలో రాసుకుంది. "అయితే నువ్వు మాట తప్పలేదు, ఆలస్యంగా వచ్చావంతే" అంది. "నాతో మాత్రం ‘ఐ యాం గోయింగ్’ అని చెప్పెయ్. నాకు బస్సుంటుంది."

ఇంత మంచి మనిషి కోసం ఆ మాత్రం నేర్చుకోలేనా? వారమంతా అదే సాధన. శనివారం హన్నాతో మాట్లాడడానికి బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడి, "అమ్మా, పోతన్నాను!" అన్నాను.

అమ్మ చేతిలో చేపల గంప కింద పడింది.

"నోటికి అడ్డూ ఆపూ నేదేట్రా! మీ అయ్య ఇంకా ఒడ్డుకి రానేదు, నువ్వు గుమ్మంలో నిలబడి పోతన్నానంటావా? లోపలికి రా! కూకో! నీళ్లు తాగి, సక్కగా సెప్పి అప్పుడెల్లు!"

కూర్చున్నాను. తాగాను. చెప్పాను. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. అక్కడ హన్నా మళ్లీ ఎదురుచూపులు.

తర్వాతి బస్సులో చేరేసరికి, "ఈసారి ఏమైంది?" అంది.

"వెళ్తున్నానని చెప్పాను. అందుకని అమ్మ వెళ్లనివ్వలేదు."

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. నేను మాత్రం రెండు దేశాలకీ చెడ్డ రేవడినయ్యాను. అందుకే నలుగురి ముందూ ఒట్టేసి చెబుతున్నాను, ఈ జన్మలో మళ్లీ ముందుగా సెలవు తీసుకోను. ఎవరింటికెళ్లినా సరే, ఆ ఇంటివాళ్లు లేచి వెళ్లిపోయేదాకా కదలకుండా కూర్చుంటాను.