ఇమ్మానుయేలు కారుకి మూడో బేరింగు

వెనక ఎడమ చక్రంలో మోత మళ్ళీ మొదలైంది. ఏడాదిలో ఇది మూడోసారి. ఇమ్మానుయేలుకి యాభై ఎనిమిదేళ్ళు. రాజోలు చుట్టుపక్కల పాతికేళ్ళుగా కిరాయికి కారు తోలుతున్నాడు. ఇప్పుడతనికి ఖాయంగా ఉన్న పని ఒక్కటే, వారానికి రెండుసార్లు మార్తమ్మ టీచరుగారిని డయాలసిస్‌కి అమలాపురం తీసుకెళ్ళి తీసుకురావడం. రేపు ఉదయం ఆరింటికి బయల్దేరాలి.

తాటిపాక షెడ్డులో మెకానిక్ బుల్లిరాజు చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి పెట్టి విన్నాడు.

"బేరింగు పోయిందండి. ఒరిజినల్ కావాలంటే రాజమండ్రి నుంచి రావాలి, మూడ్రోజులు. బయట కంపెనీదైతే ఇక్కడే ఉంది. గంటలో ఎక్కించేస్తాను."

ఇమ్మానుయేలు పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

"మొదట బయటది వేసేరు, నాలుగు నెల్లు. తర్వాత ఒరిజినల్ తెప్పించేరు, ఏడు నెల్లు. ఏది వేస్తే మళ్ళీ మీ మొహం చూడక్కర్లేదో అది వేసెయ్యండి బాబూ."

"నా మొహం అంత బాలేదేంటండి?" అంటూ బుల్లిరాజు బేరింగు ఊడదీసి, కాగితం మీద తుడిచాడు. బూడిదరంగు బురద అంటింది. "గ్రీజు కాదండిది, ఒండ్రు. కారు కాలవలోకి దింపుతున్నారా?"

"రేవులో కడుగుతానండి. అందరూ కడుగుతారు కదా."

"అందరూ నెలకోసారండి. మీరో?"

"అమలాపురం నుంచి వచ్చిన ప్రతిసారీ."

"వచ్చీ రాగానే?"

"ఆయ్."

"చక్రం వేడి మీదుంటది. నీళ్ళలో దిగ్గానే లోపలికి పీల్చేస్తదండి. ఇంక ఒరిజినలైతే ఏంటి, బయటదైతే ఏంటి? మీది కారండి, గేదె కాదు."

ఇమ్మానుయేలు నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు టీచరుగారికి వాంతులవుతాయి. మూడో తరగతిలో తనకు పాఠం చెప్పిన మనిషి, చీరచెంగుతో కారు తుడవబోతుంటే చూడలేకపోయేవాడు. ఒకసారి సీట్లో వాసన మిగిలిపోయింది. "నీకెందుకురా ఈ బాధ, బస్సులో వెళ్తాన్లే" అందావిడ. అప్పటినుంచి ఆవిణ్ణి దింపగానే, అన్నం కూడా తినకుండా, తిన్నగా రేవుకే పోతున్నాడు.

ఇమ్మానుయేలు టైరు మీంచి లేచాడు.

"ఉన్నదే వేసెయ్యండి."

"ఒరిజినల్‌కి సీలు గట్టిగా ఉంటదండి. నాల్రోజులు ఎక్కువే వస్తది."

"టీచరుగారు మూడ్రోజులు ఆగలేరండి."

మర్నాడు చక్రం చప్పుడు చెయ్యలేదు. తిరుగుదారిలో టీచరుగారికి రెండుసార్లు వాంతి అయింది. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి, ఇమ్మానుయేలు కాలవగట్టు ఎక్కకుండా ఇంటికొచ్చాడు. బోరు కొట్టి, బకెట్లతో నీళ్ళు మోసి లోపలంతా కడిగాడు. అయిదో బకెట్టుకి నడుం పట్టేసింది. కాసేపు మెట్టు మీద కూర్చున్నాడు. లేచి, వెనక తలుపు తీసి, తల లోపల పెట్టి వాసన చూశాడు.

ఇంకా ఉంది. బకెట్టు తీసుకుని మళ్ళీ బోరు దగ్గరికి నడిచాడు.