ఆసు ముందు కూర్చోలేని మూడేళ్లు

1959 వైశాఖంలో నాకు పెళ్లయింది. ఆషాఢం దాటాక చిట్యాల దగ్గర అత్తవారింటికి కాపురానికి వచ్చాను. ఆ శ్రావణంలోనే నొప్పి మొదలైంది. యోని ద్వారం దగ్గర కారం రాసినట్టు మంట. భర్త దగ్గరికి వస్తే భరించలేను, కూర్చుంటే ఓర్చుకోలేను. పుండు లేదు, వాపు లేదు. చూసుకుంటే ఏమీ కనపడదు.

మాది నేత ఇల్లు. ఆసు పోయడం ఆడవాళ్ల పని. నేల మీద కూర్చుని, అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్రం మీద నూలుపోగును ఒక్కో మేకుకూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడుతుంది. లెక్క తప్పితే చీర మీది పువ్వు చెదురుతుంది కనక లెక్క నోట్లో నడుస్తూనే ఉండేది. నొప్పిని కూడా ఆ లెక్కతోనే కొలిచాను. కొత్తలో ఎనిమిది వందల పోగులకు మంట లేచేది. మరుసటి ఏడు ఐదు వందలకు, ఆపై ఏడు మూడు వందలకే. లేచి కాసేపు నిలబడి మళ్లీ కూర్చునేదాన్ని.

వేడి చేసిందన్నది అత్తమ్మ. వేపాకు కాచిన నీళ్లతో, పటిక నీళ్లతో రోజుకు మూడుసార్లు కడుక్కోమన్నది. మంట పెరిగితే ఇంకా శుభ్రం కాలేదనుకుని నేను నాలుగోసారీ కడిగాను. ఒక కాంపౌండరైతే నన్ను చూడకుండానే, మా ఆయన ఎక్కడో తిరిగి రోగం అంటించాడన్నాడు. మా ఆయన నల్లగొండ పోయి రక్తం పరీక్ష చేయించుకుని, ఏమీ లేదన్న చీటీ తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాడు. ఆమెకు చదువు రాదు.

"నీ పెండ్లాం పని ఎగ్గొడుతాంది బిడ్డా, గంతే," అన్నది, నాకు వినపడేటట్టే. "కూసుంటె నొప్పట, పంటె నొప్పట. నిలవడితె ఏం లేదట. నిలవడి ఆసు వోసేటోళ్లను నేనైతె సూడలె."

1962 మాఘానికి రెండు వందలు కూడా దాటడం లేదు. ఈ ఇంటికి పనికిరానని పుట్టింటికి పంపేస్తారేమోనని భయం పట్టుకుంది. మా ఆయన ఎవరికీ చెప్పకుండా నన్ను బస్సెక్కించాడు. నల్లగొండ దాకా నిలబడే పోయాను.

దవాఖానలో డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి, పుల్లకు దూది చుట్టి తడిపి, ఒక్కోచోటే మెల్లగా తాకుతూ వచ్చింది. తొడ దగ్గర ఏమీ లేదు. పైభాగంలో లేదు. ద్వారానికి కిందివైపు తాకగానే బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఇక్కడేనా?"

"గాడనే, డాక్టరమ్మా."

ఎంతసేపు కూర్చోగలవని అడిగింది. మా ఇంట్లో గడియారం లేదు. నూట తొంభై పోగులని చెప్పాను. ఆమె నవ్వలేదు. పోగుకు ఎంతసేపు పడుతుందో అడిగి చీటీ మీద రాసుకుంది. కడుక్కునే నీళ్ల సంగతి చెప్పినప్పుడు మాత్రం కలం ఆపింది.

"పటికా, వేపాకూ, సబ్బూ అన్నీ ఆపెయ్యమ్మా. మంచినీళ్లు చాలు. నీలో మురికేమీ లేదు, అంటురోగమూ లేదు. ఈ నొప్పి ఎందుకొస్తుందో నాకూ సరిగ్గా తెలీదు. నొప్పి ఉన్న మాట మాత్రం నిజం."

మొద్దుబారేటట్టు చేసే మలాం ఇచ్చింది. మూడేళ్లుగా బిగపట్టుకున్న కండరాన్ని ఊపిరి వదులుతూ సడలించడం నేర్పింది. బయట ఉన్న మా ఆయన్ను పిలిచి, నా నోటితో నేను చెప్పేదాకా నా దగ్గరికి రాకుండా ఆగమన్నది. ఆయన తల వంచుకుని సరేనన్నాడు.

ఇంటికొచ్చాక ఆయనే పొట్టి పీటకు నవారు అల్లి, నడుమ సందు వదిలి ఇచ్చాడు. దొరసానికి కుర్సీ వచ్చిందన్నది అత్తమ్మ. చైత్రంలో మళ్లీ దవాఖానకు పోయినప్పుడు ఏడు వందలని చెప్పి డాక్టరమ్మను సంతోషపెట్టాలనిపించింది. కానీ లెక్క లెక్కే. మూడు వందల నలభై అని చెప్పాను. అదే రాసుకుంది.

ఆ ఏడు దసరాకు ఎనిమిది వందలయింది. 1963 మాఘంలో ఒకనాడు రెండు వేలు దాటినా లేవలేదు. అత్తమ్మ చూసి తన పనికి పోయింది. ఆ వారంలోనే, ఇంక ఆగనక్కర్లేదని మా ఆయనకు నేనే చెప్పాను.

నొప్పి పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు మంట లేచేది. ఆపమనేదాన్ని, ఆపేవాడు.