పలుకున్న పాస్తా

మా ఇంటామె తమ్ముడు మస్కట్‌లో ఒక ఇటలీ హోటల్లో పన్నెండేళ్లు వంటమాస్టర్‌గా చేసి కరీంనగర్ తిరిగొచ్చాడు. ఇది అతని మాట. అక్కడ గిన్నెలు కడిగాడన్నది మా ఇంటామె మాట. రిటైరైనా డైరీ రాయడం మానని నేను రెండు మాటలూ పక్కపక్కనే రాసి పెట్టుకున్నాను. ఏది కొట్టేయాలో ఇంతవరకూ తేలలేదు.

మొన్న మా వీధి మలుపులో ఇటలీ హోటల్ తెరిచారు. బామ్మర్ది మమ్మల్ని వెంటబెట్టుకుని పోయాడు. పరాయి దేశంలో అసలైన ఇటలీ హోటల్‌ను ఎట్లా గుర్తుపట్టాలో దారిలో చెప్పాడు. కూర్చోగానే డైరీలో ఎక్కించాను. బల్ల మీద టమాట సాస్ సీసా ఉండొద్దు. గోడ మీద వాళ్ల ఒరిగిన గోపురం బొమ్మ ఉంటే లేచి రావాలి. మెనూ ఒక్క పేజీ దాటొద్దు.

సాస్ సీసాలు రెండున్నాయి. గోపురం ఉంది, కాకపోతే మన పెయింటర్ దాన్ని సరిచేసి నిటారుగా నిలబెట్టాడు. మెనూ ఏడో పేజీలో గోబీ మంచూరియా.

గొట్టాల పాస్తా వచ్చింది. బామ్మర్ది ఒక గొట్టాన్ని వేళ్ల మధ్య నలిపి ఓనర్‌ను పిలిచాడు.

"ఏందన్నా ఇది? పండ్లు లేనోళ్లకు వండినవా?"

"గంత తెలిస్తే లోపలికొచ్చి నువ్వే చెయ్యరాదు?"

బామ్మర్ది చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి నడిచాడు.

"లోపల గిన్నెలు కనవడ్డయేమో, ఆగలేకపోయిండు," అంది మా ఇంటామె. అన్నదే కానీ, చూపు మాత్రం వంటింటి తలుపు వదల్లేదు. ఓనర్ ముందు తమ్ముడి పరువు పోతే ఆమెకూ కష్టమే.

కాసేపటికి అతనే ప్లేటు తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఆమె అన్నం మెతుకును చూసినట్టే ఒక గొట్టాన్ని గోటితో తుంచి చూసింది. మధ్యలో తెల్లగా ఉంది. మా ఇళ్లల్లో అన్నం అట్లా పలుకుంటే వండినామెకు వారం రోజులు మాటలు పడతాయి.

"పలుకున్నది తమ్మీ. ఇంకో రెండు విజిళ్లు పెట్టుకరాపో."

"పెట్ట అక్కా. ఇది గట్లనే తినాలె."

"నేను చెప్తున్న గదా!"

"కలెక్టర్ చెప్పినా పెట్ట. తింటే తిను, లేకుంటే ప్లేటు ఇటియ్యి."

పుట్టి బుద్ధెరిగాక అక్కకు ఎదురు చెప్పని మనిషి! అతను ప్లేటు మీద చెయ్యి వేశాడు. ఆమె దాన్ని తన వైపు లాక్కుంది.

"గిన్నెలు కడిగినోనికి గింత పొగరు రాదు," అంది నా వైపు తిరిగి. "వీడు నిజంగనే వండిండు."

మొహం చిట్లిస్తూనే ప్లేటు మొత్తం ఖాళీ చేసింది. నేను ఇంటికెళ్లి పాత డైరీ తీసి, గిన్నెల మాట కొట్టేశాను.