నాయినకు వినిపించాలని పెంచిన బేస్

మా చిన్నప్పుడు... ఆదివారం ఆరాధన అయిపోయి చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే, మా నాయిన అన్నను అడిగే మొదటి మాట ఒక్కటే... "ఏంరా, వాయించినవా, ఉత్తగనె తీగలు గోకినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. అన్న కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మాది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. మా చర్చికి ఎవరో ఒక పాత బేస్ గిటారు ఇచ్చారు, దానితో పాటు ఒక ఆంప్లిఫయర్... నీళ్ల బిందె కంటే కొంచెం పెద్ద డబ్బా, అంతే. ఇంటర్ చదువుతున్న మా సుందరన్న ఏడాది తిరిగేసరికి గిటారు నేర్చేసుకున్నాడు. కానీ డోలక్, కీబోర్డు అందుకున్నాయంటే ఆ డబ్బా గొంతు ఎవరికీ వినిపించేది కాదు. నాయినకైతే అసలే కాదు.

నాయిన మేస్త్రి వెంట వలస పోయి, సొరంగాల్లో బండలు పేల్చే చోట ఏళ్ల తరబడి పని చేశాడు. చెవుల్లో కాస్త దూది పెట్టుకోమని చెప్పిన పాపాన పోయినవాడు లేడు. ఆయన చెవుల్లోంచి ముందు పిట్టల అరుపులు పోయాయి... తర్వాత నా గొంతు పోయింది. లారీ ఇంజను, ఉరుము లాంటి బరువైన చప్పుళ్లు మాత్రం ఇంకా అందేవి. దవాఖానలో డాక్టరు అవి కూడా మెల్లగా పోతాయనే చెప్పాడు.

అందుకే అన్నకు అంత తొందర. "బేస్ అంటే బరువు సౌండే కదనే... అదొక్కటన్న నాయినకు వినవడాలె. క్రిస్మస్ లోపలనే వినవడాలె" అన్నాడు నాతో.

డబ్బా మీదున్న బటన్లన్నీ చివరిదాకా తిప్పి చూశాడు. బర్రుమని గరగరలే తప్ప పాట రాలేదు. దాన్ని సైకిల్ మీద కట్టుకుని, పెద్దమందడిలో మైకు సెట్లు అద్దెకిచ్చే ఖాజా మామ దగ్గరికి పోయాం.

మామ విని నవ్వాడు. "గీ చిన్న డబ్బాకు దమ్మెంత ఉంటదిరా? బేస్ మొత్తం తిప్పితివంటె ఉన్న దమ్మంత అదే తింటది. బేస్ జర దించు... నడిమి బటన్ లేపు. సౌండ్ ఎట్ల రాదో నేన్ జూస్త."

నిజంగానే వచ్చింది! ఆ ఆదివారం వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్లకు కూడా గిటారు స్పష్టంగా వినిపించింది. పాస్టరమ్మ కూడా మెచ్చుకుంది. నాయిన మాత్రం చెప్పులు వేసుకుంటూ మెల్లగా అన్నాడు... "ఈపారి ఇంక తక్కువ వినవడ్డదిరా."

ఇంటికి పోయే దారిలో మాకు సంగతి అర్థమైంది. ఊరందరికీ వినిపించింది నాయిన చెవుల్లోంచి ఎప్పుడో పోయిన చప్పుడు. నాయినకు అందేదాన్ని మేమే తగ్గించాం.

మళ్లీ ఖాజా మామ దగ్గరికే పోయాం. మామ తల గోక్కుని, "అయితె డబ్బాను బల్ల మీదకెల్లి దించుర్రి. కింద బండల మీద, గోడ మూలకు ఆనిచ్చి పెట్టుర్రి. డబ్బాకు బరువు పడకుంటనె బేస్ పెరుగుతది. మీ నాయినను పక్కకే కూసోవెట్టుర్రి" అన్నాడు.

ఇంత సులువా అనుకున్నాం. కానీ మా చర్చిలో ప్రార్థన చేసి దేవునికిచ్చిన వస్తువును నేల మీద పెట్టరు. ఆఖరికి మైకు వైరు కూడా మేకుకే వేలాడేది. ఆంప్లిఫయర్ కింద అల్లిక గుడ్డ పరిచిన బల్ల... అదే దాని స్థానం.

"కాళ్ల కాడ పెడ్తరా?" అని సంఘపెద్ద కళ్లెర్రజేశాడు. "మీ నాయిన కోసం దేవుని సామాన్ను కింద కూసోవెట్టాల్నా?"

అమ్మ బతిమాలింది. ఆయన వినలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది... దేవుడే పశువుల పాకలో పుట్టాడని ప్రతి ఏడూ పాడేది మేమే కదా!

క్రిస్మస్ పొద్దున... చర్చి నిండిపోయి జనం బయట కూడా నిలబడ్డారు. నాయిన కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో చాప మీద కూర్చున్నాడు. రెండో పాట సగంలో అన్న ఒకసారి నాయిన వైపు చూశాడు. వంగి, బేస్ బటన్ మొత్తం తిప్పేశాడు. సౌండు కూడా.

చాప వైపు చూస్తున్న నాయిన ఉలిక్కిపడి తలెత్తాడు. "పోరడు వాయిస్తుండు!" అని గట్టిగా అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు పాపం. చర్చి అంతా తిరిగి చూసింది. నాయిన ముఖం అలా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఒక్క చరణం... అంతే. డబ్బా ఫట్ మంది. కాలిన వాసన వచ్చింది.

ఆ తర్వాత సంఘపెద్ద అన్నను గిటారు ముట్టనివ్వలేదు. డబ్బాను ఎవరూ బాగు చేయించలేదు. మరుసటి వానాకాలానికి, మేము ఆరేసిన బట్టల కోసం పరుగెత్తడం చూస్తే తప్ప ఉరిమిందని నాయినకు తెలియలేదు.

ఇప్పుడు అన్న వనపర్తిలో ఏసీ మెకానిక్. పెద్ద ఆంప్లిఫయర్ కొన్నాడు, సగం తిప్పితేనే వీధి చివరిదాకా వినిపిస్తుంది. మొన్న నేను పోయినప్పుడు నాయిన మంచం పక్కనే పెట్టి వాయించాడు. నాయిన అన్న ముఖం వైపే చూస్తూ, బాగుందన్నట్టు తల ఊపుతూ కూర్చున్నాడు.

పాట అయిపోయింది. అన్న చేతులు ఆగిపోయాయి... నాయిన తల ఇంకా ఊపుతూనే ఉన్నాడు.

అన్న చూశాడు. మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు.

మీ పాటో, మీ వాయిద్యమో మీ నాయిన విన్నాడా? విని ఏమన్నాడు? కింద రాయండి... ఒక్క మాటైనా సరే, చదువుకుంటాను.